స్కాజిట్ లోయ హంసలు: కెమెరా తీసే ముందు మెడలు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గత వేసవిలో సియాటిల్ పక్కకు మారారు. 150-600 మి.మీ. జూమ్ లెన్సు కొన్నారు. డిసెంబరులో ఒక శనివారం అదే వాషింగ్టన్ రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న స్కాజిట్ లోయకు వెళ్లారు. కారు దిగగానే పొలంలోని తెల్లటి పక్షులన్నీ లేచిపోయాయి. దొరికిన నాలుగు ఫొటోల్లోనూ హంసలు సున్నం ముద్దల్లా ఉన్నాయి, ఒక్క ఈకా విడిగా కనిపించడం లేదు. ఏ సెట్టింగులు పెట్టాలి, ఎక్కడ నిలబడాలి, అవి మన కావ్యాల్లోని హంసలేనా, వచ్చేసారి ఐదేళ్ల పాపను తీసుకెళ్లవచ్చా అని అడిగారు.

సెట్టింగులు పది నిమిషాల్లో నేర్చుకునే విషయం, కింద చెబుతాను. మీ ఇబ్బంది మాత్రం అక్కడ మొదలు కాలేదు, కారు తలుపు దగ్గర మొదలైంది. నాదీ అక్కడే మొదలైంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పద్నాలుగేళ్ల కిందట నా మొదటి శీతాకాలంలో ఆ లోయలోని ఫిర్ ఐలాండ్ దగ్గర రోడ్డు పక్క పొలంలో రెండు వందల దాకా హంసలు కనిపించాయి. కారు ఆపి, దిగి, ట్రైపాడ్ తీసుకుని, తలుపు ధడాలున వేశాను. ట్రైపాడ్ కాళ్లు పొడవు చేసేలోపే సగం పొలం ఖాళీ. ఆ రోజు నాలుగు వందల ఫొటోలు తీశాను. వాటిలో పక్షి ముఖం కనిపించినవి మూడు. మిగిలినవన్నీ తోకలు. హంస తోక మీద నాకున్నంత ఫొటో సంపద ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ ఉండదని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ముందుగా ఒక అనుమానం. మీరు చూసినవి అసలు హంసలేనా? దుప్పటి దులిపినట్టు వేల పక్షులు ఒక్కసారిగా లేచి, గోలగోలగా గాలిలో సుడి తిరిగాయంటే అవి స్నో గీస్ అయి ఉంటాయి. రష్యాలోని రాంగెల్ ద్వీపం నుంచి చలికాలానికి స్కాజిట్‌కు వచ్చే తెల్ల పెద్దబాతులు అవి. ఫొటోను పెద్దది చేసి రెక్కల చివరలు చూడండి. నల్లగా ఉంటే స్నో గూస్. హంస రెక్క చివరిదాకా తెలుపే. బరువు చూసినా పొంతన లేదు. స్నో గూస్ రెండు మూడు కిలోలు తూగితే, ట్రంపెటర్ హంస పది కిలోలు దాటుతుంది. రెక్కలు చాపితే ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు మీటర్ల పైమాటే. హంసలు అంత కట్టకట్టుకుని లేవవు కూడా. ఒక కుటుంబం లేస్తుంది, కాసేపటికి ఇంకొకటి లేస్తుంది.

స్కాజిట్‌కు వచ్చే హంసలు రెండు రకాలు. ఎక్కువగా కనిపించేది ట్రంపెటర్. ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. రెండోది కాస్త చిన్నదైన టండ్రా హంస. టండ్రాకు చాలావరకు కంటి ముందు, ముక్కు మొదట్లో, బొట్టు పెట్టినట్టు చిన్న పసుపు మచ్చ ఉంటుంది. కొన్నిటికి ఆ మచ్చ ఉండదు, అందుకని దాని మీదే ఆధారపడవద్దు. పక్షి మీ వైపు తిరిగినప్పుడు నుదుటి తెలుపు ముక్కును ఎక్కడ కలుస్తుందో చూడండి. ట్రంపెటర్‌కు ఆ అంచు కోసుగా కిందికి దిగుతుంది, టండ్రాకు గుండ్రంగా ఆగుతుంది. నా మటుకు చెవే నమ్మకమైన గుర్తు. ట్రంపెటర్ గొంతు పాతకాలపు లారీల రబ్బరు హారన్ నొక్కినట్టు మోగుతుంది. టండ్రా గొంతు సన్నం, దూరంగా బడి వదిలినప్పుడు వినిపించే పిల్లల కేకల్లా ఉంటుంది. నారింజ రంగు ముక్కు, దాని మీద నల్లటి బుడిపె ఉన్న హంస మీ మనసులో ఉంటే, అది లండన్ పార్కుల్లో కనిపించే మ్యూట్ హంస. క్యాలెండర్లన్నీ దానివే. ఇక్కడ దాని కోసం వెతకకండి.

ఇక చోటు సంగతి. ఫలానా పొలం అని ఎవరూ చెప్పలేరు, చెప్పినా అది పోయిన ఏడాది మాట. హంసలు రాత్రి నీటి మీద ఉంటాయి, పగలు పొలాల్లో మేస్తాయి. రైతులు బంగాళాదుంపలు తవ్వాక మట్టిలో మిగిలిన గడ్డలు, మొక్కజొన్న కోశాక రాలిన గింజలు, చలికాలానికి వేసిన పచ్చగడ్డి వాటి తిండి. పంట మారితే పొలం మారుతుంది. అందుకే ఇంటర్‌స్టేట్ 5 మీద కాన్వే దగ్గర దిగి, ఫిర్ ఐలాండ్ మీదుగా లా కానర్ ఊరి వైపు ఒకసారి నెమ్మదిగా తిరిగి రండి. ఆ మొదటి చుట్టులో కెమెరా బయటికి తీయవద్దు. ఏ పొలంలో ఎన్ని ఉన్నాయి, సూర్యుడు ఏ వైపు ఉన్నాడు, కారు రోడ్డుకు అడ్డం కాకుండా ఆపే వీలు ఎక్కడుంది అని మాత్రం చూసుకోండి. మౌంట్ వెర్నన్ దగ్గర డిబేస్ స్లూ అనే చోట హంసల కోసమే ప్రత్యేకంగా కేటాయించిన రక్షిత ప్రాంతం ఉంది. కారు నిలిపే స్థలం కూడా ఉంది కాబట్టి కొత్తవారికి అది తేలిక. రాష్ట్రం ఇచ్చే వాహన పాస్ ముందే కొనుక్కోండి. అక్టోబరు చివర మొదటి కుటుంబాలు దిగుతాయి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిండుగా ఉంటాయి, మార్చి వచ్చేసరికి ఉత్తరానికి తిరుగుముఖం పడతాయి.

చోటు దొరికాక అక్కడే ఉండండి. కొత్తవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఈ పొలంలో దూరంగా ఉన్నాయని ఆ పొలానికి, అక్కడ వెలుగు బాగా లేదని ఇంకో పొలానికి పోతూ మధ్యాహ్నానికి ముప్ఫై మైళ్లు తిరుగుతారు. నేను మంచి ఫొటోలు తీసిన రోజులన్నీ ఒకే పొలం దగ్గర మూడు నాలుగు గంటలు కూర్చున్న రోజులే. మేస్తున్న హంసలు ఒక చోట ఆగవు. గంటలో వంద గజాలు జరుగుతాయి. మీరు వాటి వైపు పది అడుగులు వేస్తే అవి యాభై అడుగులు వెనక్కి పోతాయి. మీరు కదలకపోతే తిండి వెతుక్కుంటూ అవే మీ వైపు రావచ్చు. రాకపోవచ్చు కూడా. అది వాటి ఇష్టం.

అవి మీ గురించి ఏమనుకుంటున్నాయో మెడలే చెబుతాయి. నేను పొలం దగ్గర ఆగిన మొదటి ఐదు నిమిషాలు వేరే ఏమీ చూడను. మెడలు కిందికి వంగి, ముక్కులు బురదలో ఉంటే మీరు అక్కడ లేనట్టే లెక్క. కుటుంబానికి ఒకటి చొప్పున తల ఎత్తి ఉంటే అది మామూలు కాపలా, కంగారు పడవద్దు. గుంపులో సగం మెడలు గడకర్రల్లా నిటారుగా లేచి, అన్నీ మీ వైపే చూస్తూ, అప్పటిదాకా సాగిన చిన్న చిన్న పలుకులు ఆగిపోయాయంటే మీరు హద్దు దాటారని అర్థం. అప్పుడు ఫొటో తీయకండి. చేతులు ఆపి, కారులో వెనక్కి వాలి, రెండు నిమిషాలు ఊరుకోండి. మెడలు మళ్లీ వంగితే ఉండవచ్చు. వంగకుండా మీకు వీపు చూపించి నడవడం మొదలుపెడితే మర్యాదగా బయలుదేరండి. పది కిలోల ఒంటిని ఊరికే గాలిలోకి లేపడం వాటికి చిన్న ఖర్చు కాదు. మార్చిలో అలాస్కా దాకా ఎగరాల్సిన బలం అవి ఈ దుంపల నుంచే కూడబెట్టుకోవాలి.

లేవబోయే ముందు కూడా మెడలే చెబుతాయి, ఇది మీ కెమెరాకు పనికొచ్చే కబురు. భయంతో కాకుండా తమంతట తాము ఎగరాలనుకున్నప్పుడు కుటుంబంలో ఒకటి తల పైకీ కిందికీ ఊపడం మొదలుపెడుతుంది. పక్కది అందుకుంటుంది. పిల్లలూ అందుకుంటాయి. ఊపుతోపాటు పొట్టి పలుకులు వస్తాయి, క్రమంగా దగ్గర పడతాయి. కచేరీలో తని ఆవర్తనం చివరికి వస్తున్నప్పుడు మృదంగం ఎలా బిగుస్తుందో అలా అనుకోండి. అన్నీ గాలి వచ్చే దిక్కుకు తిరుగుతాయి. ఆ తర్వాత పరుగు. నేల మీదైనా నీటి మీదైనా అవి నిలుచున్న చోటు నుంచి లేవలేవు, రెక్కలు కొడుతూ చాలా దూరం పరిగెత్తాలి. అంటే తల ఊపడం మొదలైన దగ్గర నుంచి మీకు సాధారణంగా అర నిమిషమో, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలో వ్యవధి ఉంటుంది. షట్టర్ వేగం పెంచుకుని, జూమ్ కొంచెం తగ్గించి, రెక్కలు ఫ్రేములో పట్టేలా సిద్ధం కావడానికి అది చాలు. రెక్కలు కోసేసిన ఫొటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి, అన్నీ 600 దగ్గర పెట్టుకుని కూర్చున్న రోజులవే.

ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురుగానే కాబట్టి, గాలి మీ వీపు వైపు నుంచి వీచే చోటు ఎంచుకోండి. పక్షులు మీ వైపుకే వస్తాయి. చలికాలంలో ఇక్కడ సూర్యుడు దక్షిణానే తిరుగుతాడు. వానను తెచ్చే గాలులు కూడా ఎక్కువగా ఆ వైపు నుంచే వస్తాయి. అందుకే పొలానికి దక్షిణపు అంచున ఉన్న రోడ్డు దొరికితే వెలుగూ గాలీ రెండూ మీ వెనకే ఉంటాయి, ఈశాన్యాన ఆకాశం తేటగా ఉంటే మౌంట్ బేకర్ శిఖరం కూడా కనిపిస్తుంది. డిసెంబరు చివర మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు ఆకాశంలో పద్దెనిమిది డిగ్రీల ఎత్తే ఉంటాడు. హైదరాబాదులో అలాంటి ఏటవాలు వెలుగు కోసం పొద్దున్నే లేవాలి. ఇక్కడ ఎండ కాస్తే చాలు, రోజంతా దొరుకుతుంది. కానీ పొద్దు ఎనిమిదింటికి పొడిచి నాలుగుంబావుకే కుంకుతుంది, అది గుర్తుంచుకోండి.

కారు దిగవద్దు. ఒకసారి అక్కడి రైతు ఒకాయన ట్రాక్టరు ఆపి మరీ నాతో అన్నాడు, ఈ పక్షులు తన ట్రాక్టరు పక్కనే మేస్తాయి గానీ ఆయన దిగి నాలుగడుగులు నడిస్తే లేచిపోతాయని. కారు వాటికి పొలంలో తిరిగే ఇంకో యంత్రం, అంతే. రెండు కాళ్ల మీద నిటారుగా నడిచే ఆకారంతోనే వాటి పేచీ. అందుకే కారునే మాటుగా వాడుకోండి. ఇంజను ఆపండి, లేకపోతే ఆ అదురు ఫొటోలో కనిపిస్తుంది. కిటికీ దించి, దాని అంచు మీద మెత్తటి సంచీ పెట్టి, లెన్సును దాని మీద ఆనించండి. దుకాణాల్లో దీనికి మంచి ధరే వేసి అమ్ముతారు. నాది పాత దిండు గలీబు, అందులో రెండు కిలోల బియ్యం. మొదటి ఏడాది వానలో తడిసిన ఆ సంచీని కారు వెనక మరిచిపోయాను. వారం తర్వాత కారు ఎక్కిన వాళ్లందరికీ ఇడ్లీ పిండి పులిసిన వాసన తగిలింది. ఇప్పుడు బియ్యాన్ని ముందు ప్లాస్టిక్ సంచిలో కట్టి, తర్వాత గలీబులో వేస్తున్నాను.

హీటరు కూడా ఆపాలి. ఇది చాలామందికి తెలియదు. కారులోని వేడి గాలి తెరిచిన కిటికీలోంచి బయటికి పోతూ చల్ల గాలితో కలిసేటప్పుడు లెన్సు ముందు ఎండమావిలా సుడులు తిరుగుతుంది. కెమెరా ఫోకస్ అయినట్టే చూపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే అన్నీ నీళ్లలోంచి తీసినట్టు ఉంటాయి. లెన్సు చెడిపోయిందని నేను ఒక నెల బెంగపెట్టుకున్నాను. పొద్దున మంచు పట్టిన నల్లమట్టి మీద ఎండ పడ్డప్పుడూ ఇదే జరుగుతుంది. అప్పుడు దూరపు పక్షులను వదిలేయడం తప్ప చేయగలిగింది లేదు. దళసరి స్వెట్టరు వేసుకోండి, ఫ్లాస్కులో టీ పోసుకోండి.

ఇప్పుడు సున్నం ముద్దల సంగతి. మీ కెమెరా తప్పు చేయలేదు, దానికి హంస అంటే ఏమిటో తెలియదు. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి బురద, మధ్యలో ఒక తెల్ల పక్షి ఉంటే, కెమెరా ఆ నలుపును చూసి దృశ్యం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. బురద బూడిద రంగులోకి వస్తుంది, హంస కాలిపోతుంది, అంటే ఈకల వివరం పోయి వట్టి తెలుపు మిగులుతుంది. అదే హంస తెల్లటి మబ్బు ముందు ఎగిరితే ఇది తిరగబడుతుంది. ఎటు చూసినా తెలుపే కాబట్టి కెమెరా వెలుగు తగ్గిస్తుంది, హంస మాసిన పంచెలా వస్తుంది. కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను బురద మీద ఒక స్టాపు (అంటే వెలుగు సగానికి) తగ్గించి, మబ్బు ముందు ఒక స్టాపు (అంటే రెట్టింపుకు) పెంచి సరిచేయవచ్చు. కానీ పొలంలోంచి లేచిన హంస రెండు సెకన్లలో బురద దాటి, చెట్లు దాటి, ఆకాశంలోకి వెళుతుంది. ఆ రెండు సెకన్లలో మీరు మూడుసార్లు మీట తిప్పలేరు.

అందుకే మాన్యువల్, అంటే సెట్టింగులన్నీ కెమెరాకు వదలకుండా మనమే పెట్టడం. వెనక ఏముందన్నది మారినా పక్షి మీద పడే ఎండ మారలేదు కదా, మరి ఎక్స్‌పోజర్ ఎందుకు మారాలి? ఎండ కాస్తున్న రోజున ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 400, ఎఫ్ (లెన్సు రంధ్రం కొలత) 8, షట్టర్ సెకనులో 2000వ వంతు దగ్గర మొదలుపెట్టండి. మబ్బు రోజున ఐఎస్ఓ 1600, ఎఫ్ 6.3, 1600వ వంతు. నిలబడి ఉన్న హంసను ఒకటి తీసి, తెర మీద కాలిన భాగాలు మిణుకుమిణుకుమనేలా చూపించే ఏర్పాటు పెట్టుకుని చూడండి. వీపు మీద మిణుకులు కనిపిస్తే షట్టర్ కాస్త పెంచండి. మిణుకులు ఆగిన చోట ఆపేసి, ఇక ముట్టుకోవద్దు. సూర్యుడు మబ్బు చాటుకు పోయినప్పుడు మాత్రమే మళ్లీ సరిచూసుకోండి. బురద మరీ నల్లగా వస్తుందేమోనని బాధపడకండి. రా ఫైలులో, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫైలులో, నలుపు లోంచి వివరం కొంతైనా తీయవచ్చు, కాలిన తెలుపులో తీయడానికి ఏమీ మిగలదు. రా ఫైళ్లు తీయడం ఇంకా మొదలుపెట్టకపోతే ఈ పక్షి కోసమైనా మొదలుపెట్టండి.

తెలుపు కుదిరాక వచ్చే రెండో చిక్కు కన్ను. ట్రంపెటర్ ముక్కు నలుపు కంటిదాకా పాకి, కంటిని తనలో కలిపేసుకుంటుంది. కన్నూ నలుపే, చుట్టూ నలుపే. మబ్బు రోజున తలంతా ఒక నల్లటి మేకులా వస్తుంది, ప్రాణం ఉన్నట్టే తోచదు. దీనికి సెట్టింగు లేదు. తల సూర్యుడి వైపు కాస్త తిరిగి, కంట్లో చిన్న మెరుపు చుక్క పడేదాకా ఆగాలి. ఆ చుక్క పడ్డ క్షణంలో నొక్కిన ఒక్క ఫొటో, పడకుండా నొక్కిన యాభై ఫొటోల కన్నా నయం. కొత్త కెమెరాల్లో పక్షి కన్ను వెతికే ఆటోఫోకస్ ఈ నలుపులో ఒక్కోసారి తడబడుతుంది. అప్పుడు ముక్కు నలుపూ ముఖం తెలుపూ కలిసే గీత మీద ఫోకస్ పెట్టండి, అది కంటికి దాదాపు సమానమైన దూరంలోనే ఉంటుంది.

కొన్ని హంసల తలా మెడా తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉండటం చూసి ఫొటోలో రంగు తేడా వచ్చిందనుకోకండి. ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్లలో తల ముంచి మేసినందువల్ల పట్టిన మరక అది. కంప్యూటరులో దాన్ని కడిగేయవద్దని నా మనవి. బూడిద రంగులో ఉన్నవి ఈ ఏటి పిల్లలు. మొదటి చలికాలమంతా అమ్మానాన్నలతోనే ఉంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటోలు వీటివే, ముందు తెల్ల జంట, వెనక మాసిన మూడు నాలుగు పిల్లలు వరుసగా. మెడకు అక్షరాలూ అంకెలూ ఉన్న పట్టీ కనిపిస్తే మాత్రం కళ సంగతి పక్కన పెట్టి ఆ అంకెలు స్పష్టంగా వచ్చేలా తీయండి. అమెరికా ప్రభుత్వపు బర్డ్ బ్యాండింగ్ ల్యాబరేటరీకి ఆ వివరం పంపితే ఆ పక్షికి ఎక్కడ, ఎప్పుడు పట్టీ వేశారో మీకు తెలియజేస్తారు. ఇంగ్లండులోని స్లింబ్రిడ్జిలో పక్షి పరిశీలకుడు పీటర్ స్కాట్ 1964 నుంచి బ్యూయిక్ హంసలను (టండ్రా హంసకు యూరపు, ఆసియా వైపు బంధువులు) పట్టీ అవసరం లేకుండానే, ముక్కు మీది పసుపు నలుపుల తీరును బట్టి ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి బొమ్మలు గీసి పెట్టారు. ముఖాలు చూడటం అలవాటైతే మీకూ ఒకటి రెండు కుటుంబాలు గుర్తుంటాయి.

ఇవి మన హంసలేనా అన్నారు. పాలూ నీళ్లూ వేరు చేయగా నేను చూడలేదు. బురదనూ బంగాళాదుంపనూ వేరు చేయడం మాత్రం రోజూ చూస్తున్నాను. భారతదేశానికి నిజమైన హంసలు దారి తప్పి వచ్చిన సందర్భాలు బహు తక్కువ, అవీ ఎక్కువగా వాయవ్య ప్రాంతాలకే. కావ్యాల్లోని హంస బార్ హెడెడ్ గూస్ అయి ఉండవచ్చని చాలామంది అంటారు. తల మీద రెండు నల్ల చారలున్న ఆ పెద్దబాతు టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి, చలికాలానికి మన చెరువుల దాకా వస్తుంది. మానస సరోవరం కథకు అది సరిపోతుంది. నడక విషయంలోనూ నా ఓటు దానికే. ట్రంపెటర్ బురదలో నడుస్తుంటే నీళ్ల బిందె చంకన పెట్టుకుని జారుడు గట్టు మీద వస్తున్నట్టు ఉంటుంది, ఏ నాయికను అలా పోల్చినా ఆమె ఊరుకోదు. పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలను మన పత్రికలు రాజహంసలంటాయి, అది ఇంకో కుటుంబపు పక్షి.

ఒక్క మాట మాత్రం నేరుగా ఈ పక్షులకే తగులుతుంది. హంసతూలికా తల్పం అని మనం మురిపెంగా అంటాం. ఇక్కడ ఆ ముచ్చట నిజంగానే జరిగింది. హడ్సన్స్ బే కంపెనీ లాంటి వ్యాపార సంస్థలు హంస తోళ్లను, కలాలకు ఈకలను కొని యూరపుకు ఓడల్లో పంపాయి. మెత్తని నూగు పౌడరు అద్దుకునే కుచ్చులకు పోయింది. 1930ల మొదటికి అలాస్కాను మినహాయిస్తే అమెరికాలో లెక్కకు వచ్చిన ట్రంపెటర్లు 70 లోపే, అవీ ఎల్లోస్టోన్ చుట్టుపక్కల. 1935లో మోంటానాలో రెడ్ రాక్ లేక్స్ రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేశారు. అలాస్కాలో పెద్ద మందలున్న సంగతి ఆ తర్వాతే బయటపడింది. 2015 లెక్కలో ఉత్తర అమెరికా అంతటా కలిపి సుమారు 63 వేలు తేలాయి. స్కాజిట్‌కు వచ్చేవి ఆ అలాస్కా మందలే.

ఇప్పుడు వాటిని తుపాకీతో ఎవరూ కొట్టరు, ఈ రాష్ట్రంలో హంస వేట లేదు. కానీ పాత తుపాకుల సీసం ఇంకా పని చేస్తోంది. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను దేశమంతటా 1991లో నిషేధించారు. అంతకుముందు దశాబ్దాల తరబడి చెరువు అడుగున పడ్డవి అక్కడే ఉన్నాయి. తిండి అరగడానికి హంసలు చిన్న రాళ్లు మింగుతాయి, వాటితోపాటు ఈ గుళ్లూ పోతాయి. 1999 నుంచి ఇక్కడికి ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర, కొన్ని శీతాకాలాల పాటు వందల హంసలు ఇలా చనిపోయాయి. మెడ వేలాడేసి, రెక్కలు జారవిడిచి, గుంపుకు దూరంగా కూర్చున్న హంస కనిపిస్తే అది దగ్గరి ఫొటోకు దొరికిన అవకాశం కాదు, జబ్బు పడ్డ పక్షి. దగ్గరికి పోకుండా రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోను చేయండి. చనిపోయినదాన్ని అసలు ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ కూడా ఈ లోయకు వచ్చి వెళ్లింది.

మిగిలిన జాగ్రత్తలు పొట్టిగా చెబుతాను. ఆ రోడ్లకు అంచు లేదు, పక్కనే లోతైన మురుగు కాలువ ఉంటుంది. గడ్డి కనిపించిందని చక్రం దించితే కారు కాలువలోకి ఒరుగుతుంది, నేను ఒకరికి తాడు కట్టి లాగాను. పొలాలన్నీ సొంతదారులవి, కంచె లేకపోయినా అడుగు పెట్టవద్దు. జనవరి చివరిదాకా బాతుల వేట సాగుతుంది కాబట్టి రక్షిత ప్రాంతాల గట్ల మీద నడిచేటప్పుడు ముదురు నారింజ రంగు చొక్కా వేసుకోండి. డ్రోను ఇంట్లో వదిలి రండి. రొట్టె ముక్కలూ వద్దు.

పాపను తప్పకుండా తీసుకెళ్లండి. కారులోనే కూర్చునే పని కాబట్టి పిల్లలకు ఇది నడక కన్నా సులభం. ఐదేళ్ల పిల్లకు గంటన్నరకు మించి ఓపిక ఉండదు, మధ్యలో లా కానర్ వెళ్లి ఏదైనా తిని రండి, మరుగుదొడ్లు కూడా ఊళ్లోనే దొరుకుతాయి. మా అమ్మాయి చిన్నప్పుడు ఆమెకు నేనిచ్చిన పని బూడిద రంగు పిల్లలను లెక్కపెట్టడం. ఏ కుటుంబానికి ఎంతమంది అని ఒక కాగితం మీద గీతలు గీసేది. ఆ కాగితాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి, ఆ ఏడాది ఫొటోల కన్నా అవే పనికొచ్చాయి. వీలైతే నాలుగింటి దాకా ఆగి, నీళ్లున్న చోటుకు కొంచెం దూరంలో కారు ఆపి, అద్దాలు దించండి. పొలాల నుంచి కుటుంబాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ముందు హారన్లు వినిపిస్తాయి, తర్వాత రెక్కల ఊపు, ఆ తర్వాత పాదాలు ముందుకు చాపి నీటి మీద జారుతున్న చప్పుడు. అప్పటికి ఫొటోకు చాలినంత వెలుగు ఉండదు. ఫోనులో ఆ శబ్దం రికార్డు చేసి, ఇంటికెళ్లాక పాపను అడగండి ఎన్ని దిగాయో.